బరువు తగ్గించే సర్జరీలో ఊపిరి లెక్క: మత్తుకు ముందు, మత్తులో, ఆ రాత్రి

బరువు తగ్గించే సర్జరీ అనగానే ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నలు కడుపు చుట్టూ తిరుగుతాయి. పొట్ట ఎంత కోస్తారు, కుట్లు లీకవుతాయా, ఎన్ని కిలోలు తగ్గుతారు? మత్తు డాక్టరు మాత్రం మెడ చుట్టుకొలత చూస్తారు, గురక గురించి అడుగుతారు, రక్తపరీక్షలో బైకార్బొనేట్ ఎంతుందో వెతుకుతారు. కడుపును సన్నని గొట్టంలా కత్తిరించే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అయినా, చిన్న సంచిలా చేసి పేగుకు కలిపే గ్యాస్ట్రిక్ బైపాస్ అయినా ఈరోజుల్లో దాదాపు అన్నీ చిన్న రంధ్రాల గుండా చేసే ల్యాప్రోస్కోపీలోనే జరుగుతున్నాయి, కొద్ది గంటల్లో ముగుస్తున్నాయి. ఊపిరికి వచ్చే ముప్పు ఆ గంటల్లో కన్నా వాటికి ముందున్న నాలుగైదు నిమిషాల్లో, తర్వాత వచ్చే రాత్రిలో ఎక్కువ.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం, పురుషుల్లో 31.1 శాతం మంది బీఎంఐ (ఎత్తుతో బరువును పోల్చే సూచిక) 25 లేదా అంతకు పైన ఉన్నవారే. తెలంగాణలో ఇవి 30.1, 32.3 శాతం. పైగా ఆసియా వాసులకు బీఎంఐ 27.5 ఉన్నా చాలు, ఈ సర్జరీ సూచించవచ్చని 2022లో అంతర్జాతీయ బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీ సంఘాలు మార్గదర్శకాలు మార్చాయి. అంటే ఆపరేషన్ బల్ల ఎక్కేవారు పెరుగుతారు. అందరి ముప్పూ ఒకటి కాదు. బీఎంఐ 30 ఉన్న మధుమేహ పేషెంటుకూ, బీఎంఐ 50 ఉండి కూర్చునే నిద్రపోయే పేషెంటుకూ ఒకే పద్ధతి సరిపోదు.

నిల్వ ఎందుకు తగ్గుతుంది

ఊపిరి మామూలుగా వదిలేశాక కూడా ఊపిరితిత్తుల్లో కొంత గాలి మిగిలి ఉంటుంది. దీన్ని వైద్యులు ఎఫ్‌ఆర్‌సీ అంటారు. మత్తు మందులతో ఊపిరి ఆగిన క్షణం నుంచి శరీరం ఈ నిల్వలోని ఆక్సిజన్ మీదే బతుకుతుంది. పొట్టలో కొవ్వు పేరుకుంటే అది ఊపిరితిత్తుల కిందుండే కండరపు పొర డయాఫ్రమ్‌ను పైకి నెడుతుంది, ఛాతీ మీది బరువు పక్కటెముకలను విచ్చుకోనివ్వదు. బీఎంఐ 20 ఉన్నవారితో పోలిస్తే 30 ఉన్నవారిలో ఈ నిల్వ నాలుగింట మూడు వంతులకు తగ్గుతుందని కొలతలు చెబుతున్నాయి. వెల్లకిలా పడుకోబెడితే ఇంకొంత పోతుంది. మత్తిచ్చి కండరాలు సడలించాక, సన్నగా ఉన్నవారిలో దాదాపు ఐదో వంతు పోతే భారీకాయుల్లో సగం దాకా పోతుంది. మరోపక్క అంత శరీరాన్ని నడపడానికి ఆక్సిజన్ ఖర్చు ఎక్కువ. చిన్న ట్యాంకుకు పెద్ద కుళాయి పెట్టినట్టు.

ఫలితాన్ని నిమిషాల్లో కొలిచారు. 1991లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆక్సిజన్ బాగా పట్టించి ఊపిరి ఆపినప్పుడు, మామూలు బరువున్నవారిలో రక్తంలో ఆక్సిజన్ శాతం 90కి దిగడానికి సగటున ఆరు నిమిషాలు పట్టింది. తీవ్ర ఊబకాయం ఉన్నవారిలో మూడు నిమిషాలు కూడా పట్టలేదు. వెంటిలేటర్‌తో ఊపిరి ఇవ్వడానికి గొంతులో గొట్టం వేసే మొదటి ప్రయత్నం కుదరకపోతే రెండోదానికి సమయం ఉంటుందా లేదా అన్నది ఈ తేడా మీదే తేలుతుంది.

ఇంకో చిక్కు ఉంది. నిల్వ ఒక స్థాయికన్నా తగ్గితే ఊపిరితిత్తుల కింది భాగాల్లో సన్నటి గాలిగొట్టాలు మూసుకుపోతాయి, వాటి వెనకున్న గాలిగదులు ముడుచుకుపోతాయి. రక్తం అటు వెళ్లినా ఆక్సిజన్ అందుకోకుండా తిరిగి వస్తుంది. అలా ముడుచుకున్నవి సన్నవారిలో ఒకటి రెండు రోజుల్లో విచ్చుకుంటాయి, భారీకాయుల్లో ఎక్కువకాలం అలాగే ఉండిపోతాయి. అందుకే సర్జరీ రేపు ఉండగా ఈరోజు ఆలోచిస్తే చాలదు.

ముందు వారాల్లో చూడాల్సినవి

బేరియాట్రిక్ సర్జరీకి వచ్చేవారిలో సగానికి పైగా నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, అంటే స్లీప్ అప్నియా, ఉంటుంది. చాలామందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. గురక పెట్టేవాడు హాయిగా నిద్రపోతున్నాడనుకునే ఇళ్లే ఎక్కువ. అందుకే ఎనిమిది అంశాల స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళి వాడతారు: పెద్ద గురక, పగటిపూట అలసట, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ, బీఎంఐ 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా, పురుషుడా. ఐదు లేదా అంతకు మించి అవును అయితే ముప్పు ఎక్కువ. గురక గురించీ, ఊపిరి ఆగడం గురించీ పేషెంటును కాదు, పక్కన పడుకునేవారిని అడగాలి. ఆడవాళ్ల విషయంలో మరీ జాగ్రత్తగా అడగాలి, గురక ఉందని ఒప్పుకోవడానికి మొహమాటపడేవారు చాలామంది.

స్కోరు ఎక్కువ వచ్చిన ప్రతి పేషెంటుకూ సర్జరీ వాయిదా వేసి స్లీప్ స్టడీ చేయించాలా అన్నదానిపై సర్జన్లకూ మత్తు డాక్టర్లకూ వాదన జరుగుతూనే ఉంటుంది. మిగతా ఆరోగ్యం నిలకడగా ఉంటే, జబ్బు ఉందనే భావించి ఆ జాగ్రత్తలన్నీ తీసుకుంటూ ముందుకు వెళ్లడం సమంజసమే. ఒక్క సందర్భంలో మాత్రం రాజీపడకూడదు: రక్తంలో బైకార్బొనేట్ లీటరుకు 27 మిల్లీమోల్స్ లేదా అంతకు పైన ఉంటే. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ నెలల తరబడి నిల్వ ఉంటోందని, దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు బైకార్బొనేట్ పోగేస్తున్నాయని అది అనుమానించాల్సిన గుర్తు. వెంటనే ధమని రక్తపరీక్ష, అంటే ఏబీజీ, చేయాలి. మెలకువగా ఉన్నప్పుడే కార్బన్ డయాక్సైడ్ పీడనం 45 మిల్లీమీటర్లు దాటితే, వేరే ఊపిరితిత్తుల జబ్బేదీ కారణం కాకపోతే, అది ఒబేసిటీ హైపోవెంటిలేషన్. వీరిలో గుండె కుడిభాగం మీద భారం పడి ఉంటుంది, సర్జరీ తర్వాత ఊపిరి చాలక మళ్లీ వెంటిలేటర్ అవసరమయ్యే ముప్పు మామూలు అప్నియా కన్నా చాలా ఎక్కువ. గుండెకు ఎకో స్కాన్ చేయించి, మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ లేదా బైప్యాప్ మెషీన్ మొదలుపెట్టి, కొన్ని వారాలు ఆగడమే సరైన పని. బైకార్బొనేట్ చవక పరీక్ష, మామూలు రిపోర్టులోనే ఉంటుంది. దాన్ని చూడకుండా వదిలేయడం తరచూ జరిగే పొరపాటు.

సీప్యాప్ వాడుతున్నవారు సొంత మెషీన్, సొంత మాస్క్ ఆస్పత్రికి తెచ్చుకోవాలి. వార్డులో దొరికే మాస్క్ ముఖానికి కుదరదు. కుదరని మాస్క్‌ను పేషెంటు అర్ధరాత్రి తీసి పక్కన పెట్టేస్తాడు, దాని అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది ఆ రాత్రే.

సిగరెట్ కనీసం ఆరు వారాల ముందు మానాలి. రెండు వారాల తక్కువ కేలరీల ఆహారం, అంటే రోజుకు సుమారు 800 నుంచి 1,000 కేలరీలు, ముఖ్యంగా కాలేయం కుదించుకుపోవడానికి ఇస్తారు. సర్జన్‌కు లోపల చోటు దొరుకుతుంది, మత్తు డాక్టరుకు కూడా కొంత లాభమే.

ఇటీవల చేరిన ప్రశ్న బరువు తగ్గించే ఇంజెక్షన్లది. టిర్జెపటైడ్, వీగోవీ పేరుతో వచ్చే సెమాగ్లూటైడ్ 2025లో మన దేశంలోకి వచ్చాయి. ఇవి కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తాయి. రాత్రి నుంచి ఏమీ తినకపోయినా కడుపులో ఘనాహారం ఉండవచ్చు, మత్తిచ్చేటప్పుడు అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి వెళ్లవచ్చు. వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ ఒక వారం ముందే ఆపమని 2023లో అమెరికా మత్తు వైద్యుల సంఘం చెప్పింది. తర్వాత వచ్చిన సలహాలు పేషెంటును బట్టి తేల్చుకోమంటున్నాయి: ముందు రోజంతా ద్రవాహారం, అనుమానముంటే కడుపుకు అల్ట్రాసౌండ్. సొంతంగా కొని వాడుతున్నవారు ఈ విషయం దాచకూడదు.

బల్ల మీద మొదటి నిమిషాలు

ఇక్కడ పైసా ఖర్చులేని పని ఒకటుంది: పడుకోబెట్టే తీరు. భుజాల కిందా తల కిందా దుప్పట్లు మెట్లుగా పేర్చి లేదా అందుకోసమే చేసిన దిండు పెట్టి, చెవిరంధ్రమూ ఛాతీ ఎముక పై గుంటా ఒకే అడ్డగీతలోకి వచ్చేలా లేపాలి. తల కింద ఒక్క దిండు పెడితే చాలదు, దానివల్ల గడ్డం ఛాతీకి ఆని దారి ఇంకా మూసుకుపోతుంది. దీనికితోడు బల్లను తలవైపు 25 డిగ్రీలు ఎత్తితే, ఆక్సిజన్ 92కి పడిపోయేదాకా దొరికే వ్యవధి ముప్పావు నిమిషం దాకా పెరిగిందని 2005 నాటి అధ్యయనం చూపింది. మొదటి ప్రయత్నం విఫలమై, మాస్క్ మీదికి తిరిగి వెళ్లడానికి ఆ ముప్పావు నిమిషం చాలు.

తర్వాత ఆక్సిజన్. బిగుతుగా మాస్క్ పెట్టి కనీసం మూడు నిమిషాలు ఇవ్వాలి. గడియారం కన్నా వదిలే గాలిలో ఆక్సిజన్ శాతాన్ని నమ్మడం మేలు, అది 90 శాతానికి చేరాలి. చేరడం లేదంటే మాస్క్ అంచున లీకు ఉన్నట్టే. అదే మాస్క్‌తో 5 నుంచి 10 సెంటీమీటర్ల నీటి పీడనం ఇస్తే మూసుకుపోయే గాలిగదులు తెరుచుకుని ఉంటాయి. ముక్కుకు సన్నని గొట్టం పెట్టి, స్పృహ పోయాక నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ వదులుతూ ఉంటే ఊపిరి ఆగిన సమయంలోనూ కొంత చేరుతుంది.

మందుల మోతాదు దగ్గర బరువు అన్న మాటకు ఒక్క అర్థం లేదు. మత్తిచ్చే ప్రొపోఫాల్ మొదటి డోసును కొవ్వు తీసేసిన బరువును బట్టి, కండరాలు సడలించే రోక్యురోనియంను ఎత్తునుంచి లెక్కగట్టే ఆదర్శ బరువును బట్టి ఇస్తారు. కండరాలు సడలించే మరో మందు సక్సామిథోనియంను మాత్రం ఉన్న బరువుకు లెక్కిస్తారు. అన్నిటినీ తూకం చూపిన అంకెకు లెక్కగడితే మత్తు దిగడం ఆలస్యమవుతుంది, బీపీ పడిపోతుంది.

బరువొక్కటే గొట్టం వేయడాన్ని కష్టం చేయదు. మెడ లావే చేస్తుంది. చుట్టుకొలత 40 సెంటీమీటర్లు ఉన్నప్పుడు కష్టమయ్యే అవకాశం 5 శాతం ఉంటే, 60 సెంటీమీటర్లు ఉన్నప్పుడు 35 శాతమని 2002 నాటి అధ్యయనం లెక్కగట్టింది. గొంతు లోపలిని తెర మీద చూపే వీడియో లారింగోస్కోప్ మొదటి ప్రయత్నానికే చేతిలో ఉండాలి, విఫలమయ్యాక తెప్పించే వస్తువు కాదది. బ్రిటన్‌లో శ్వాసమార్గ ప్రమాదాలను లెక్కతీసి 2011లో ప్రచురించిన జాతీయ నివేదికలో ప్రమాదానికి గురైనవారిలో 42 శాతం ఊబకాయులే.

వెంటిలేటర్ అంకెలు

ఊబకాయంతో కొవ్వు పెరుగుతుంది గానీ ఊపిరితిత్తులు పెరగవు. వాటి సైజు ఎత్తును బట్టి ఉంటుంది. 160 సెంటీమీటర్ల ఎత్తు, 120 కిలోల బరువున్న మహిళను తీసుకుందాం. ఎత్తులోంచి 152.4 తీసేసి, మిగిలినదాన్ని 0.91తో గుణించి, మహిళలకు 45.5, పురుషులకు 50 కలిపితే ఆదర్శ బరువు వస్తుంది. ఆమెకు అది సుమారు 52 కిలోలు. కిలోకు 6 నుంచి 8 మిల్లీలీటర్ల చొప్పున ఒక్కో ఊపిరికి 310 నుంచి 420 మిల్లీలీటర్లు చాలు. ఉన్న బరువుకు 8 చొప్పున వేస్తే 960 వస్తుంది, రెండింతలకు మించిన దెబ్బ. కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంటే ఊపిరి పరిమాణాన్ని కాదు, నిమిషానికి ఊపిరుల సంఖ్యను పెంచాలి. మరీ పెంచితే మాత్రం గాలి పూర్తిగా బయటికి రాకముందే తర్వాతి ఊపిరి మొదలవుతుంది.

సర్జన్ పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు, సాధారణంగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరస పీడనం. వెంటిలేటర్ భాషలోకి మారిస్తే 15 మిల్లీమీటర్లంటే 20 సెంటీమీటర్ల నీటి పీడనం. ఇటు మత్తు డాక్టరు ఊపిరితిత్తుల్లో నిలిపి ఉంచేది తరచూ ఐదే. డయాఫ్రమ్ ఎటు నెట్టుకుపోతుందో చెప్పనక్కర్లేదు. డయాఫ్రమ్‌తోపాటు శ్వాసనాళం చీలే చోటూ పైకి జరుగుతుంది కాబట్టి గొట్టం కొన ఒకవైపు నాళంలోకి జారిపోవచ్చు. గ్యాస్ నింపాక ఆక్సిజన్ ఒక్కసారిగా తగ్గి, గాలి పీడనం పెరిగిందంటే మొదట చూడాల్సింది ఇదే. గ్యాస్ నింపాక ఛాతీకి రెండువైపులా శబ్దం మరోసారి వినాలి.

మరి లోపల నిలిపే పీడనం, అంటే పీప్, ఎంత ఉండాలి? చాలాకాలం ఎక్కువే మేలని అనుకున్నారు. బీఎంఐ 35 దాటిన సుమారు 2,000 మందిపై జరిగిన ప్రోబీస్ ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. ఒక జట్టుకు 12 సెంటీమీటర్ల పీప్‌తోపాటు ఊపిరితిత్తులను విచ్చే విన్యాసాలు, మరో జట్టుకు 4 సెంటీమీటర్లు. సర్జరీ తర్వాత ఊపిరితిత్తుల సమస్యలు మొదటి జట్టులో 21.3 శాతం, రెండోదానిలో 23.6 శాతం. ఆ తేడాకు గణాంకపరంగా విలువ లేదు. దీన్ని చూసి పీప్ అనవసరమనడం తప్పు, ఎందుకంటే మత్తులో ఉన్నంతసేపూ ఆక్సిజన్ మొదటి జట్టులోనే మెరుగ్గా ఉంది, రెండో జట్టులో కొందరికి మధ్యలో ఆదుకోవాల్సి వచ్చింది. అందరికీ ఒకే అంకె పెడితే లాభం ఉండదన్నదే ఆ ట్రయల్ నుంచి తీసుకోదగిన పాఠం. ఆచరణలో 8 నుంచి 10తో మొదలుపెట్టి, పీప్ మార్చినప్పుడల్లా డ్రైవింగ్ ప్రెజర్, అంటే ఊపిరి నింపిన చివర నిలిచిన పీడనానికీ పీప్‌కీ మధ్య తేడా, తగ్గుతోందా పెరుగుతోందా అని చూస్తారు. తగ్గితే గదులు తెరుచుకున్నట్టు, పెరిగితే సాగదీస్తున్నట్టు.

విచ్చే విన్యాసమంటే పీడనాన్ని మెట్లుమెట్లుగా 40 సెంటీమీటర్ల దాకా తీసుకెళ్లి కొద్ది ఊపిరుల పాటు ఉంచి దించడం. బీపీ నిలకడగా లేకుండా దీని జోలికి వెళ్లకూడదు, గుండెకు చేరే రక్తం తగ్గిపోతుంది. చేశాక పీప్ చాలినంత లేకపోతే తెరిచిన గదులు మళ్లీ మూసుకుపోతాయి, చేసిన శ్రమ వృథా. ఆక్సిజన్ శాతాన్ని కూడా 40–50 దగ్గరే ఉంచడం మంచిది. నూరు శాతం ఆక్సిజన్ నింపిన గదిలోంచి అదంతా రక్తంలోకి పీల్చుకుపోతే లోపల నిలబెట్టడానికి నైట్రోజన్ ఉండదు, గది కూలిపోతుంది.

గొట్టం తీయడం

గొట్టం వేయడానికి పదిమంది సిద్ధంగా ఉంటారు, తీసేటప్పుడు సగంమంది తర్వాతి కేసు పనిలో ఉంటారు. ఊబకాయులకు ఇది గడ్డు సమయం. కండరాల సడలింపు ఎంత దిగిందో కళ్లతో చూసి, తల ఎత్తమని చెప్పి తేల్చడం నమ్మదగిన పద్ధతి కాదు. నరాన్ని ప్రేరేపించి కొలిచే మానిటర్‌లో ట్రెయిన్ ఆఫ్ ఫోర్ నిష్పత్తి, అంటే వరుస నాలుగు ప్రేరణల్లో మొదటిదానితో పోలిస్తే నాలుగోదానికి కండరం ఎంత కదిలిందన్న లెక్క, 0.9కి చేరాలి. రోక్యురోనియంకు విరుగుడుగా సుగామడెక్స్ త్వరగా పనిచేస్తుంది. నియోస్టిగ్మిన్ ఇస్తే ఓపికగా ఆగాలి, లోతైన సడలింపు మీద అది పనిచేయదు. పేషెంటు పూర్తిగా మేల్కొని, మాట విని, తలవైపు ఎత్తిన బల్ల మీద ఉన్నప్పుడే గొట్టం తీయాలి. తీసే ముందు గొట్టంలోంచి ఎక్కువసేపు సక్షన్ చేస్తే, అంటే కఫాన్ని లాగితే, అప్పటిదాకా తెరిచి ఉంచిన గదులన్నీ మూసుకుపోతాయి.

స్లీప్ అప్నియా ఉన్నవారికి తీసిన వెంటనే, బల్ల మీదే, సీప్యాప్ పెట్టాలి. రికవరీ రూమ్‌కు చేరాక అరగంటకు పెట్టినవారికన్నా, వెంటనే పెట్టినవారికి మర్నాటికి ఊపిరితిత్తుల సామర్థ్యం మెరుగ్గా ఉందని 2009 నాటి అధ్యయనం చూపింది. మాస్క్ గాలి కడుపులోకి పోయి కొత్త కుట్లు విడిపోతాయన్న భయం సర్జన్లలో ఒకప్పుడు గట్టిగా ఉండేది, కొందరిలో ఇప్పటికీ ఉంది. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్న వెయ్యిమందికి పైగా పేషెంట్లను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో సీప్యాప్‌కూ లీకుకూ సంబంధం కనబడలేదు.

ఆ రాత్రి

నొప్పి తగ్గించడానికి మార్ఫిన్, ఫెంటానిల్ లాంటివి ఇస్తే గొంతు కండరాలు ఇంకా వదులవుతాయి, ఊపిరి తీసుకోమని మెదడు పంపే సంకేతమూ మందగిస్తుంది. అందుకే పారాసెటమాల్, పరికరాలు దూర్చిన రంధ్రాల దగ్గర తిమ్మిరి మందు, పొట్ట గోడ నరాలను తిమ్మిరెక్కించే ట్యాప్ బ్లాక్, తక్కువ మోతాదు కెటమిన్ లాంటివి ముందు నిలబెట్టి, మార్ఫిన్ తరహా ఓపియాయిడ్లను అవసరానికే ఉంచుతారు. నిద్రమాత్ర ఆ రాత్రి అసలే వద్దు.

అన్నిటికన్నా మోసం చేసేది ఆక్సిజన్ మాస్క్. నిమిషానికి ఆరు లీటర్లు పెట్టిన పేషెంటు వేలికి తగిలించిన ఆక్సిమీటర్ 97 చూపిస్తూనే ఉంటుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటూనే ఉంటుంది. ఆ పరికరం ఊపిరి సరిపోతోందో లేదో చెప్పదు, ఆక్సిజన్ మాత్రమే చెబుతుంది. మాట ముద్దగా రావడం, పిలిస్తే పలికి మళ్లీ వెంటనే నిద్రలోకి జారడం, నిమిషానికి ఊపిరులు పదికన్నా తగ్గడం: నర్సు వీటిని చూడాలి. ఒబేసిటీ హైపోవెంటిలేషన్ ఉన్నవారికి ఆక్సిజన్‌ను 88–92 శాతం దగ్గర ఆపి, బైప్యాప్ వాడటం సురక్షితం. వార్డుకు పంపేముందు మాస్క్ తీసి, ఎవరూ కదపకుండా, పలకరించకుండా వదిలేసి, అంకె ఎక్కడ నిలుస్తుందో చూడాలి. మాట్లాడిస్తూ చూస్తే అందరూ బాగానే ఉంటారు.

మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉండాలి. నాలుగైదు గంటల్లో లేచి నిలబడాలి, ఆ సాయంత్రానికే నడవాలి. మూడు బంతుల స్పైరోమీటర్ ప్రతి మంచం పక్కనా కనిపిస్తుంది గానీ, ఊదేవారే ఎక్కువ. దాన్ని పీల్చాలి. ఊపిరి మామూలుగా వదిలి, గొట్టాన్ని పెదాలతో బిగించి, నెమ్మదిగా పీలుస్తూ ఒకటి రెండు బంతులను మూడు సెకన్లు పైన నిలపాలి. మూడో బంతిని ఒక్క ఊపుతో ఎగరేయడం వల్ల లాభం లేదు. నిజం చెప్పాలంటే, బేరియాట్రిక్ పేషెంట్లపై 2017లో వచ్చిన ఒక ట్రయల్‌లో స్పైరోమీటర్ వాడినా వాడకపోయినా ఆక్సిజన్ తగ్గడంలో తేడా రాలేదు. బంతులా నడకా అంటే నడకకే ఓటు.

ఆయాసం వస్తే అన్నీ ఊపిరితిత్తులవి కావు

రెండు మూడు రోజుల్లో ఆయాసం, వేగంగా ఊపిరి, గుండె దడ కనిపిస్తే గదులు ముడుచుకున్నాయిలే అని సరిపెట్టుకోవడం ప్రమాదం. నాడి నిమిషానికి 120 దాటి దిగకుండా ఉంటే, కాదని తేలేదాకా కుట్ల లీకుగానే భావించాలి. లావుపాటి పొట్టలో నొప్పి, గట్టిదనం బయటపడవు, ఎడమవైపు ఛాతీలో నీరు చేరడమే తొలి గుర్తు కావచ్చు. రెండో అనుమానం కాలి సిరల్లోంచి వెళ్లి ఊపిరితిత్తుల్లో ఇరుక్కున్న రక్తపు గడ్డ. దాన్ని నివారించడానికి కాళ్లకు గాలి తొడుగులు, రక్తం గడ్డకట్టనివ్వని ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్ ఇస్తారు. బీఎంఐ 40 దాటినవారికి రోజుకు 40 మిల్లీగ్రాముల ఒక్క డోసు చాలక రెండుపూటలా ఇవ్వడం పరిపాటి. లీకూ గడ్డా రెండూ అనుమానమే అయితే, కడుపుకూ ఛాతీకీ కలిపి ఒకే విడతలో సీటీ చేయించడం సమయం మిగుల్చుతుంది. స్కానర్ బల్ల ఎంత బరువు మోయగలదో, దాని రంధ్రంలో పేషెంటు పడతారో లేదో సర్జరీకి ముందే కనుక్కుని ఉండాలి.

ఇంటికి వెళ్లాక

బరువు తగ్గడం మొదలవగానే గురక తగ్గుతుంది, మెషీన్ అటకెక్కుతుంది. తొందరపడకూడదు. తీవ్రమైన అప్నియా ఉన్నవారిలో చాలామందికి బరువు బాగా తగ్గాక కూడా కొంత జబ్బు మిగులుతుంది. బరువు నిలకడకు వచ్చాక స్లీప్ స్టడీ మళ్లీ చేయించి, ఆ ఫలితాన్ని బట్టే మెషీన్ ఆపడమా ఉంచడమా తేల్చాలి. ఈలోగా రెండు ఇబ్బందులు వస్తాయి. ఒకటి, పాత పీడనం ఎక్కువై గాలి మింగినట్టయి కడుపు ఉబ్బుతుంది. ఆటో సీప్యాప్ అయితే తనంతట తానే తగ్గించుకుంటుంది, మామూలుదైతే డాక్టరు దగ్గర సెట్ చేయించుకోవాలి. రెండోది, ముఖం సన్నబడి మాస్క్ వదులవుతుంది. పట్టీలు బిగించుకుంటూ పోతే ముక్కు మీద పుండు పడుతుంది, అంచున లీకు మాత్రం ఆగదు. చిన్న సైజు మాస్క్ కొనడమే మందు.